ఆఫ్‌రోడ్ బండికి సాఫ్ట్ టాప్ కొంటున్నారా? క్లాత్ కంటే ముందు కుట్టు చూడండి!

పోయిన ఆగస్టులో నలుగురం కలిసి మారేడుమిల్లి వెళ్లాం. బండి మా ఫ్రెండ్‌ది, పాత సాఫ్ట్ టాప్ జీపు. ట్రిప్‌కి పది రోజుల ముందే వాడు దానికి కొత్త టాప్ కుట్టించాడు. "క్లాత్ అదిరింది రా, మగ్గుతో నీళ్లు పోసినా చుక్క దిగట్లేదు" అంటూ షాపులో తీసిన వీడియో కూడా గ్రూపులో పెట్టాడు. రాజమండ్రి నుంచి రంపచోడవరం దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఘాట్ రోడ్డులో వాన పట్టుకుంది. అరగంట తిరిగేసరికి నా ఒళ్లో ఉన్న కెమెరా బ్యాగ్ మీద టప్ టప్‌మని చుక్కలు పడటం మొదలైంది. రూమ్‌కి చేరేసరికి పవర్ బ్యాంక్ పోయింది, కెమెరా లెన్స్ లోపల ఆవిరి పట్టింది, వెనక సీటు నానిపోయింది.

మర్నాడు ఎండలో టాప్ విప్పి చూశాం. తమాషా ఏంటంటే, వాడు చెప్పింది నిజమే. క్లాత్‌లోంచి ఒక్క చుక్క కూడా రాలేదు. నీళ్లు వచ్చింది కుట్ల దగ్గర సూది పడిన రంధ్రాల్లోంచి, ముందు అద్దం పైన టాప్ బిగించే చోటు నుంచి. షాపువాళ్లు చూపించింది క్లాత్ టెస్ట్. వాన పెట్టింది కుట్టు టెస్ట్!

ఫోన్ల రివ్యూలు రాసే చోట ఈ జీపు టాప్ గోల ఏంటి అంటారా? ఇప్పుడు బండిలో టచ్ స్క్రీన్, డాష్ కెమెరా, ఫోన్ మౌంట్, స్పీకర్లు, ఛార్జర్లు... మన గ్యాడ్జెట్లన్నీ ఆ క్లాత్ కిందే ఉంటున్నాయి. పైగా ఇక్కడ మనం చేసే తప్పు ఫోన్ కొనేటప్పుడు చేసే తప్పే. ఒక్క స్పెక్ చూసి మిగతావన్నీ మర్చిపోవడం. అందుకే ఈరోజు సాఫ్ట్ టాప్ ఎంచుకునేటప్పుడు ఏం చూడాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

సాఫ్ట్ టాప్ అంటే ఏంటి?

ఇనుప రేకు లేదా ఫైబర్‌తో చేసిన గట్టి కప్పు బదులు, ఫ్రేమ్ మీద క్లాత్ పరిచి బిగించేదే సాఫ్ట్ టాప్. ఇది కొత్త ఫ్యాషన్ ఏమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుకి ఉన్నది కూడా క్యాన్వాస్ కప్పే. ఆ విల్లీస్ జీపులనే మన దేశంలో మహీంద్రా 1947లో బిగించడం మొదలుపెట్టింది. 2010లో వచ్చిన మొదటి థార్, ఊళ్లలో పోలీసులు, ఫారెస్ట్ వాళ్లు తిరిగిన జిప్సీలు... ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే.

2020 అక్టోబర్ 2న లాంచ్ అయిన రెండో తరం థార్ మూడు రకాల కప్పులతో వచ్చింది: హార్డ్ టాప్, ఫిక్స్‌డ్ సాఫ్ట్ టాప్, కన్వర్టిబుల్ సాఫ్ట్ టాప్. ఈ రెండు సాఫ్ట్ టాప్‌లూ ఒకటే అనుకుని కన్‌ఫ్యూజ్ అయ్యేవాళ్లు చాలామంది. ఫిక్స్‌డ్ అంటే కప్పు క్లాతే కానీ ఫ్రేమ్ మీద బిగించి ఉంటుంది. సరదాగా రోజూ మడిచేది కాదు. కన్వర్టిబుల్ అయితే లాకులు తీసి వెనక్కి మడవచ్చు. మోటార్ ఉండదు, అంతా చేత్తో చేసుకునే పనే. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే "సాఫ్ట్ టాపే కదా" అని ఊరుకోకండి. ఏ సాఫ్ట్ టాపో అడగండి. 2024లో వచ్చిన ఐదు డోర్ల థార్ రాక్స్ అయితే గట్టి కప్పుతోనే వచ్చింది, ఈ ఆర్టికల్ దానికి వర్తించదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఛాయిస్ ఇంకా ఎక్కువ. జీప్ రాంగ్లర్‌కి అక్కడ విడిగా టాప్‌లు తయారుచేసి అమ్మే పెద్ద మార్కెట్టే ఉంది. 2021 మోడల్‌గా తిరిగొచ్చిన ఫోర్డ్ బ్రాంకోలో కూడా నాలుగు డోర్ల బండికి సాఫ్ట్ టాప్ వచ్చింది. అలాగని హార్డ్ టాప్ అయితే ఏ తలనొప్పీ ఉండదనుకోవద్దు. అదే 2021లో బ్రాంకో హార్డ్ టాప్‌ల ఉపరితలం తేమకి పాడవుతోందని ఫోర్డే వాటిని మార్చి ఇస్తామని ప్రకటించింది.

కొనేముందు మూడు ప్రశ్నలు

1. టాప్ ఎన్నిసార్లు తీస్తారు? నిజాయితీగా చెప్పుకోండి. మొదటి నెల ప్రతి ఆదివారం తీస్తారు. ఆ తర్వాత? మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా మాడ్చే ఎండ, ఆ వెంటనే వాన. సిటీలో దుమ్ము, పొగ ఎలాగూ ఉన్నాయి. హాయిగా కప్పు తీసి తిరిగేది చలికాలం పొద్దుటి పూట, సాయంత్రం పూట. ఏడాదికి పది పదిహేను సార్లు తీసేవాళ్లకీ, ప్రతి వారం తీసేవాళ్లకీ ఒకే టాప్ సరిపోదు.

2. బండి రాత్రిళ్లు ఎక్కడ ఉంటుంది? సెల్లార్ పార్కింగ్‌లో ఉండే టాప్ ఆయుష్షు వేరు, ఇంటి ముందు రోడ్డు మీద ఎండకి ఎండి వానకి తడిసే టాప్ ఆయుష్షు వేరు. ఇంకో మాట: పిల్లులు. క్లాత్ టాప్ వాటికి ఉయ్యాల మంచం లాంటిది. ఎక్కి పడుకుంటాయి, దిగేటప్పుడు గోళ్లు దింపుతాయి. శ్రీశైలం లాంటి చోట్ల కోతుల సంగతి చెప్పక్కర్లేదు. లోపల అరటిపండు కనిపిస్తే చాలు, జిప్పు తీయడం వాటికి రాదు కానీ చింపడం బాగా వచ్చు.

3. బండిలో ఏం వదిలి వెళ్తారు? సాఫ్ట్ టాప్‌కి డోర్ లాక్ ఉంటుంది కానీ ఆ లాక్ ఒక మర్యాద మాత్రమే. చిన్న చాకు ఉంటే ఎవరైనా లోపలికి రావచ్చు. ల్యాప్‌టాప్, కెమెరా బండిలో వదిలేసే అలవాటు ఉంటే, టాప్‌తో పాటు నేలకి బోల్ట్ చేసే లాక్ బాక్స్‌కి కూడా బడ్జెట్ పెట్టుకోండి.

ఈ మూడింటికీ జవాబు రాసుకున్నాకే షాపుకి వెళ్లండి. లేకపోతే షాపువాడు మీ అవసరం వాడే డిసైడ్ చేసేస్తాడు.

క్లాత్: డెనియర్ అంటే మెగాపిక్సెల్ లాంటిది

షాపులో మొదట వినిపించే మాట "హై డెనియర్ సార్". డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 600 డెనియర్ దారం అంటే 9 కిలోమీటర్ల దారం బరువు 600 గ్రాములు అన్నమాట. దారం ఎంత లావో తెలుస్తుంది, అంతే. నీళ్లు ఆపుతుందా, ఎండకి తట్టుకుంటుందా అనేది దాన్నిబట్టి తెలియదు. మెగాపిక్సెల్స్ ఎక్కువ ఉన్నంత మాత్రాన ఫోటో బాగొస్తుందా? ఇదీ అంతే.

ఇంకొన్ని చోట్ల జీఎస్ఎం చెప్తారు. చదరపు మీటర్ క్లాత్ బరువు ఎన్ని గ్రాములో ఆ లెక్క. అమెరికా వెబ్‌సైట్లలో ఔన్సుల్లో ఉంటుంది. చదరపు గజానికి 1 ఔన్స్ అంటే దాదాపు 34 జీఎస్ఎం. రెండు టాప్‌లు పోల్చేటప్పుడు ముందు ఒకే కొలతలోకి మార్చుకోండి.

అసలు తేడా బరువులో కాదు, పూతలో, నేతలో ఉంటుంది. మార్కెట్లో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు.

రెగ్జిన్ రకం: పాలిస్టర్ క్లాత్ మీద పీవీసీ పూత. మన ఊళ్లలో సీట్ కవర్ల షాపులు ఎక్కువగా కుట్టేది ఇదే. చవక, నీళ్లు బాగా ఆపుతుంది, తుడిస్తే బురద పోతుంది. సమస్య ఎండ. పీవీసీని మెత్తగా ఉంచే రసాయనాలు ఎండకి, వేడికి మెల్లమెల్లగా పోతాయి. అప్పుడది బిరుసెక్కుతుంది, మడతల దగ్గర పగుళ్లు వస్తాయి. పాత స్కూటర్ సీటు ఎలా పగులుతుందో చూశారుగా, అదే కథ.

క్యాన్వాస్: నూలు క్లాత్ లేదా నూలు కలిపిన క్లాత్. గాలి ఆడుతుంది, లుక్ కూడా క్లాసిక్‌గా ఉంటుంది. కానీ తడిసి ఆరకుండా మడిస్తే బూజు పడుతుంది. కోస్తాలో ఉండేవాళ్లు దీన్ని తీసుకుంటే ఆరబెట్టే ఓపిక కూడా ఉండాలి.

యాక్రిలిక్ ట్విల్ రకం: పైన నేసిన క్లాత్, మధ్యలో నీళ్లు ఆపే పొర, లోపల ఇంకో క్లాత్. ఖరీదైన కన్వర్టిబుల్ కార్లకి వాడేది ఈ తరహానే. ఇందులో మంచి రకాల్లో రంగు దారం తయారయ్యేటప్పుడే కలుపుతారు. పసుపు కొమ్ము విరిస్తే లోపల కూడా పసుపే కదా, అలా అన్నమాట. పైపైన అద్దిన రంగు ఎండకి పోయినంత త్వరగా ఇది పోదు. శబ్దం కూడా కొంచెం తక్కువ. ధర మాత్రం ఎక్కువ, బురద మరక పడితే వదిలించడం కూడా కష్టమే.

రంగు సంగతి: నలుపు స్టైల్‌గా ఉంటుంది, ఎండలో కాలిపోతుంది. విజయవాడ, రామగుండం ఎండల్లో రోజంతా బయట ఉండే బండికి లేత ఖాకీ లేదా గోధుమ రంగు తీసుకుంటే ఏసీకి కాస్త ఊపిరి ఆడుతుంది.

కుట్టు: అసలు ఆట ఇక్కడే

సూది దిగిన ప్రతి చోటా ఒక రంధ్రం. ఒక టాప్‌లో అలాంటివి వేలల్లో ఉంటాయి. క్లాత్ ఎంత గొప్పదైనా ఆ రంధ్రాలు మూయకపోతే అది జల్లెడే. అందుకే ఇవి చూడండి:

కుట్టు వెనక టేప్ లేదా సీలెంట్ వేశారా? లోపలి వైపు తిప్పి చూస్తే కుట్టు పొడవునా అతికించిన పట్టీ కనిపించాలి. పీవీసీ రకాల్లో కుట్టు బదులు వేడితో రెండు ముక్కలూ కరిగించి అతికించే పద్ధతి కూడా ఉంది. అది ఇంకా మంచిది, అసలు రంధ్రమే ఉండదు.

దారం ఏది? ఎండకి తట్టుకునే పాలిస్టర్ దారం కావాలి. మామూలు నూలు దారమైతే క్లాత్ కంటే ముందు అదే పోతుంది. గోరుతో కుట్టుని గట్టిగా గీకి చూడండి, నూగు లేస్తే వద్దు.

కుట్టు ఎక్కడ పడింది? నీళ్లు నిలిచే చోట, అంటే కప్పు మధ్యలో, అడ్డంగా కుట్టు ఉంటే డేంజర్. నీళ్లు జారిపోయే పక్కల్లో ఉంటే పర్లేదు. మా ఫ్రెండ్ టాప్‌లో సరిగ్గా నడినెత్తినే అతుకు ఉంది. క్లాత్ పన్నా చాలక రెండు ముక్కలు కలిపారట!

జిప్పులు, కిటికీలు

పక్క కిటికీలు, వెనక కిటికీ మామూలుగా పారదర్శకమైన పీవీసీ షీటుతో చేస్తారు. ఇది అద్దం కాదు, గీతలు చాలా తొందరగా పడతాయి. దుమ్ము మీద పొడి గుడ్డతో తుడిస్తే పని అయిపోయినట్టే. వెనక నుంచి హెడ్‌లైట్ పడితే ఆ గీతలన్నీ మెరిసి మిర్రర్‌లో ఏమీ కనిపించదు. వెనక వైపర్, ఆవిరి తీసే హీటింగ్ గీతలు సాఫ్ట్ టాప్‌లో ఉండవు కాబట్టి, రాత్రి వానలో నడిపేవాళ్లు రివర్స్ కెమెరా పెట్టించుకోవడం మంచిది.

కొనేముందు ఆ షీటులోంచి మీ ఫోన్ కెమెరాతో దూరంగా ఉన్న బోర్డు ఒకటి ఫోటో తీయండి. అక్షరాలు వంకరగా, అలలు అలలుగా కనిపిస్తే ఆ షీటు వద్దు. అలాగే నల్ల షీటు వేయించే ముందు ఆగండి. మన నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం కాంతి రావాలి. బ్లాక్ ఫిల్మ్‌ల మీద సుప్రీంకోర్టు 2012లోనే గట్టిగా చెప్పింది.

ఇక జిప్పులు. టాప్‌లో ముందు చచ్చేది చాలాసార్లు ఇవే. సన్నని జిప్పు ఇసుక, బురద పడితే ఇరుక్కుంటుంది. పళ్లు విడివిడిగా, లావుగా ఉండే ప్లాస్టిక్ జిప్పు ఆఫ్‌రోడ్‌కి నయం. మెటల్ జిప్పు వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట తుప్పు పడుతుంది. జిప్పు మీద వాన పడకుండా క్లాత్ రెక్క ఉండాలి. అసలు జిప్పుతో తలనొప్పి ఎందుకని, 2018 మోడల్ నుంచి వచ్చిన రాంగ్లర్‌లో కిటికీలు గాడిలో జారి బిగుసుకునేలా చేశారు. అంతకుముందు తరం రాంగ్లర్‌లో జిప్పులే ఉండేవి. మీరు కొనే టాప్‌లో ఏ పద్ధతి ఉందో చూసుకోండి. కిటికీ ఒక్కటి పెట్టి తీయడానికి ఎంత టైమ్ పడుతుందో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. షోరూమ్‌లో ఐదు నిమిషాలు పడితే, రోడ్డు మీద వానలో పదిహేను పడుతుంది.

ఫ్రేమ్, ఫిట్టింగ్, శబ్దం

బండి స్పీడ్ అందుకున్నాక కప్పు ఎందుకు పైకి ఉబ్బుతుంది? కప్పు మీదుగా గాలి వేగంగా జారిపోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. లోపలి ఒత్తిడి ఎక్కువ కావడంతో క్లాత్ పైకి లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఆ పటపట శబ్దం అదే. దీనికి మందు క్లాత్ మందం కాదు, బిగువు. ఫ్రేమ్‌లో అడ్డ కమ్మీలు సరిపడా ఉండాలి, క్లాత్ వాటి మీద డప్పు తోలులా బిగుసుకోవాలి. బిగువు లేకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. ఆపి ఉంచినప్పుడు కమ్మీల మధ్య వాన నీళ్లు గుంటలా నిలుస్తాయి, ఆ బరువుకి క్లాత్ ఇంకా సాగుతుంది.

ఫ్రేమ్ లేకుండా వచ్చే టాప్‌లు కూడా ఉన్నాయి, బండి రోల్ కేజ్ మీదే పరిచి బిగిస్తారు. తేలిక, మడిస్తే చోటు తక్కువ పడుతుంది. కానీ అది మీ బండి మోడల్‌కి, ఆ సంవత్సరానికి సరిగ్గా కుట్టినదై ఉండాలి. "అన్ని జీపులకీ సెట్ అవుతుంది సార్" అనేది ఏ జీపుకీ సరిగ్గా సెట్ అవదు.

టెస్ట్ డ్రైవ్‌లో ఫోన్‌లో డెసిబెల్ యాప్ ఒకటి వేసుకోండి. గంటకి 60, 80 కిలోమీటర్ల దగ్గర రీడింగ్ రాసుకుని, అదే రోడ్డు మీద హార్డ్ టాప్ బండితో పోల్చండి. యాప్ అంకె ల్యాబ్‌లో కొలిచినంత కచ్చితంగా ఉండదు కానీ, ఒకే ఫోన్‌తో ఒకే చోట పెట్టి కొలిస్తే తేడా తెలుస్తుంది. హైవే మీద రోజూ తిరిగేవాళ్లకి ఈ ఒక్క అంకె చాలు, హార్డ్ టాప్ కావాలో వద్దో తేల్చుకోవడానికి.

సేఫ్టీ, రూల్స్ కూడా చూసుకోండి

బండి బోల్తా పడితే సాఫ్ట్ టాప్ మిమ్మల్ని కాపాడదు. హార్డ్ టాప్ కూడా పెద్దగా కాపాడదు. కాపాడేవి రోల్ కేజ్, సీట్ బెల్ట్. 2020 థార్‌లో రోల్ కేజ్ బండితో పాటే వస్తుంది, అదే ఏడాది గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్ట్‌లో దానికి పెద్దల సేఫ్టీకి 4, పిల్లల సేఫ్టీకి 4 స్టార్లు వచ్చాయి. టాప్ బిగించడానికి అడ్డం వస్తోందని రోల్ కేజ్‌ని కోసేస్తాం, రంధ్రాలు పెడతాం అనే షాపు నుంచి వెంటనే బయటికి వచ్చేయండి. కప్పు తీసి తిరిగేటప్పుడు వెనక కూర్చున్న వాళ్లూ బెల్ట్ పెట్టుకోవాలి. నిలబడి రీల్స్ తీయడం అసలు వద్దు.

చాలామందికి తెలియని ఇంకో విషయం. మిగతావన్నీ మూసి వెనక కిటికీ ఒక్కటే తెరిచి బండి నడపకూడదు. బండి వెనకాల గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగను లోపలికి లాగుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మత్తుగా ఉందనుకుంటాం, ప్రాణం మీదకి వస్తుంది. గాలి కావాలంటే పక్కవి కూడా తెరవండి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరారు చేసింది. రూల్ తప్పితే ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. చిరిగిన సాఫ్ట్ టాప్ తీసి అలాంటిదే ఇంకోటి వేయడం పాడైన పార్ట్ మార్చుకోవడం లాంటిది. సాఫ్ట్ టాప్‌గా రిజిస్టర్ అయిన బండికి బయట కొన్న హార్డ్ టాప్ బిగించడం వేరే సంగతి. ఇది ఉత్తి బెదిరింపు కాదు. 2022లో శ్రీనగర్‌లో హార్డ్ టాప్, పెద్ద టైర్లు, ఎల్ఈడీ లైట్లు, సైరన్ పెట్టించుకున్న ఒక థార్ ఓనర్‌కి కోర్టు ఆరు నెలల శిక్ష వేసి, బాండ్ మీద వదిలిపెట్టింది. అందుకే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. బయట కొన్న టాప్ ఖరీదైనదైతే ఇన్సూరెన్స్ పాలసీలో యాక్సెసరీగా రాయించుకోండి. లేకపోతే పోయినప్పుడు క్లెయిమ్ రాదు.

డబ్బు ఇచ్చేముందు నాలుగు టెస్టులు

ఫోన్లకి ఐపీ68 అని రాసి ఉంటుంది. టాప్ కుట్టే షాపులో అలాంటి స్టిక్కర్ ఏదీ ఉండదు. కాబట్టి టెస్ట్ మనమే చేయాలి.

టార్చ్ టెస్ట్: సాయంత్రం చీకటి పడ్డాక ఒకరు లోపల కూర్చుని ఫోన్ టార్చ్‌ని కుట్ల పొడవునా, అంచుల పొడవునా నడిపించాలి. ఇంకొకరు బయట నుంచి చూడాలి. వెలుతురు కనిపించిన ప్రతి చోటూ రేపు నీళ్లు వచ్చే చోటే.

కాగితం టెస్ట్: ముందు అద్దం పైన, డోర్ల పైన రబ్బరు బీడింగ్ మధ్య కాగితం ముక్క పెట్టి మూయండి. లాగితే బిగువుగా రావాలి. జారి వచ్చేస్తే అక్కడ గ్యాప్ ఉన్నట్టే.

పైపు టెస్ట్: మగ్గుతో కాదు, పైపుతో. పై నుంచి పది పదిహేను నిమిషాలు. బండి మూతి పైకి ఉండేలా వాలులో పెట్టి ఒకసారి, కిందికి ఉండేలా ఇంకోసారి చేయండి. లోపల కుట్ల కింద టిష్యూ పేపర్లు అంటించండి, ఏది తడిసిందో చూస్తే లీక్ ఎక్కడో తెలిసిపోతుంది. ముందే లోపలి గ్యాడ్జెట్లు తీసేయడం మర్చిపోకండి. థార్ పై వేరియంట్లలో టచ్ స్క్రీన్ చిరుజల్లుకి తట్టుకుంటుందని కంపెనీ చెప్తుంది. చిరుజల్లుకి మాత్రమే, పైపుకి కాదు!

మడత టెస్ట్: టాప్ మొత్తం మీరే మడిచి, మీరే మళ్లీ వేయండి. షాపు కుర్రాడు కాదు, మీరు. ఒంటరిగా చేయలేకపోతే ఆ టాప్ మీకు పనికిరాదు. దారిలో వాన వస్తే షాపు కుర్రాడు రాడు కదా.

ఈ నాలుగింటికీ ఒప్పుకోని షాపులో కొనకండి. అంతే.

కొన్నాక ఎలా చూసుకోవాలి?

తడిగా ఉన్న టాప్‌ని మడిచి వదిలేయకండి. ఆరాకే మడవండి. కిటికీ షీట్లని ముందు నీళ్లతో కడిగి, తర్వాత మెత్తని గుడ్డతో తుడవండి. మడిచేటప్పుడు షీటు మీద షీటు రాసుకోకుండా మధ్యలో పాత దుప్పటి వేయండి. జిప్పులకి కొవ్వొత్తి మైనం రుద్దినా చాలు, లేదా సిలికాన్ స్ప్రే. నూనె మాత్రం వద్దు, దుమ్ముని పట్టుకుని పేస్ట్ అయిపోతుంది. పక్షి రెట్టలు, చెట్టు జిగురు ఎండిపోకముందే కడిగేయండి. బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ కార్ వాష్‌కి దూరంగా ఉండండి. కొత్త టాప్ బిగించేది ఎండ ఉన్న రోజు అయితే మంచిది. వేడికి క్లాత్ సాగుతుంది, బిగువుగా వస్తుంది.

మరి ఎవరికి ఏది?

రోజూ ఆఫీసుకి, నెలకోసారి ఊరికి హైవే మీద, బండి రోడ్డు మీదే పార్కింగ్: హార్డ్ టాప్ తీసుకోండి. బాధపడక్కర్లేదు, ఆఫ్‌రోడ్‌లో ఏ తేడా ఉండదు.

సెకండ్ బండి, సెల్లార్ పార్కింగ్, వీకెండ్ ట్రిప్పులు: కన్వర్టిబుల్ సాఫ్ట్ టాప్, వీలైతే కంపెనీదే. అసలైన మజా మీదే.

పాత జీపు, తక్కువ బడ్జెట్: రెగ్జిన్ రకమే తీసుకోండి, తప్పేం లేదు. క్లాత్‌లో మిగిలిన డబ్బు కుట్టు సీలింగ్‌కి, మంచి జిప్పులకి పెట్టండి. చవక క్లాత్ మీద మంచి కుట్టు నాలుగు వానలు ఆపుతుంది. ఖరీదైన క్లాత్ మీద చెత్త కుట్టు మొదటి వానకే దొరికిపోతుంది.

మా వాడు ఆ టాప్‌ని పారేయలేదు. నడినెత్తి అతుకు విప్పించి, పన్నా ఎక్కువున్న క్లాత్‌తో పైభాగం ఒక్క ముక్కగా కుట్టించాడు, కుట్లన్నిటికీ లోపల టేప్ వేయించాడు, ముందు బీడింగ్ మార్పించాడు. మొదటే ఇవి అడిగి ఉంటే అయ్యే ఖర్చు కంటే ఎక్కువే అయింది. అక్టోబర్‌లో మళ్లీ అదే రోడ్డు, అదే ఘాట్, ఇంకా పెద్ద వాన. ఈసారి ఒక్క చుక్క పడలేదు. అయినా నా కెమెరా మాత్రం ప్లాస్టిక్ కవర్‌లో చుట్టే ఉంచాను. ఒకసారి తడిసినవాడికి ఆ మాత్రం భయం ఉంటుంది మరి!